కోపం వెనుక దిగులు

మా ఎదురింటి అమ్మాయి భర్త బెంగుళూరులో బేల్దారి పని చేస్తాడు. వానలు మొహం చాటేస్తే తర్లుపాడు, మార్కాపురం వైపు చాలా ఇళ్లల్లో మగవాళ్లకు వలసే దిక్కు.

మొన్నొక రాత్రి ఇద్దరు పిల్లలకూ వాంతులు, విరేచనాలు. ఫోను మోగుతూనే ఉంది. "ఏం పెట్టినావు వాళ్లకి? ఆమాత్రం చూసుకోలేవా?" అని అతను. "ఇక్కడ పడేది నేను!" అని ఆమె. చివరికి ఫోను నా చేతిలో పెట్టి ఏడ్చేసింది.

"అక్కా, పిల్లోళ్లకి ఎట్టుందో నిజం చెప్పు. ఇప్పుడు బస్సెక్కినా తెల్లారిందాకా రాలేను" అన్నాడు. గొంతు వణుకుతోంది. అప్పటిదాకా మేం కోపమనుకున్నది భయమన్నమాట!

అలాగని గద్దింపు సబబు కాదు. తప్పెవరిదని అడిగే బదులు "నీళ్లు తాగుతున్నారా? మూత్రం పోస్తున్నారా?" అని అడిగితే ఇద్దరికీ ధైర్యం.

లీటరు నీళ్లకు కలిపే ఓఆర్‌ఎస్ పొట్లాన్ని కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి, కొద్దికొద్దిగా పట్టాలి. పొట్లం లేకుంటే లీటరు నీళ్లకు అంచు సమంగా ఆరు టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు. తల్లిపాలు మాన్పించకూడదు. కళ్లు గుంటలు పడినా, మగతగా ఉన్నా, తాగలేకపోయినా, విరేచనంలో నెత్తురు పడినా ఆలస్యం చేయొద్దు. 2005లో మొదలైన 108 అంబులెన్సు ఉండనే ఉంది.

తెల్లారేసరికి పిల్లలు తేరుకున్నారు. మళ్లీ ఫోను మోగింది. ఈసారి ఆ అమ్మాయే ముందు అడిగింది: "రాత్రి నువ్వు తిన్నావా?"

అవతల కాసేపు మాటే లేదు.