గేమ్ ఆగి ఆగి నడుస్తోందా? గ్రాఫిక్స్ కార్డు కొనే ముందు ఇది చూడండి

కోటగిరి: చదువుకోవడానికని కొన్న పాత కంప్యూటర్‌లో పీఎస్పీ గేమ్ పెడితే ఆగి ఆగి నడుస్తుంది. "అబ్బా, గ్రాఫిక్స్ కార్డు కావాలి" అని పిల్లల పేచీ మొదలవుతుంది. వేలు పోసే ముందు సెట్టింగులు చూడాలి.

పీఎస్పీ అంటే సోనీ 2004లో జపాన్‌లో విడుదల చేసిన చేతి గేమింగ్ మిషన్. ఆ గేములను కంప్యూటర్‌లో ఆడించే ఎమ్యులేటర్ పీపీఎస్‌ఎస్‌పీపీ. 2012లో వచ్చింది, ఉచితం.

ముందు రెండరింగ్ రిజల్యూషన్ చూడండి. పీఎస్పీ తెర మీద అడ్డంగా 480, నిలువుగా 272 చుక్కలే. 2ఎక్స్ పెడితే పని రెండింతలు కాదు, నాలుగింతల చుక్కలు గీయాలి. 5ఎక్స్ అయితే ఇరవై అయిదింతలు! బొమ్మ నీట్‌గా ఉందని పిల్లలు అదే పెట్టేస్తారు.

1ఎక్స్‌కు దించి ఆడి చూడండి. వేగం పెరిగితే బరువు గ్రాఫిక్స్ మీద ఉన్నట్టు, అక్కడే ఉంచితే సరి. ఏమాత్రం మారకపోతే బరువు ఎక్కువగా ప్రాసెసర్ మీద పడుతున్నట్టే. అప్పుడు కొత్త కార్డు కొన్నా పైసలు దండగ.

టెక్స్చర్ అప్‌స్కేలింగ్ ఆపేయండి. బ్యాకెండ్‌లో వల్కన్ పెట్టండి, అది నడవకపోతే ఓపెన్‌జీఎల్ లేదా డైరెక్ట్‌3డి 11. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టే ఆడాలి, బ్యాటరీ మీద వేగం తగ్గుతుంది. ఫ్రేమ్ స్కిప్పింగ్ చివరి మందు. 1 పెడితే కాస్త గతుకులు కనిపిస్తాయి, కానీ గేమ్ నడుస్తుంది.

సాఫ్ట్‌వేర్ మాత్రం దాని సొంత వెబ్‌సైట్ నుంచే దించుకోండి. "ఫ్రీ గేమ్స్" సైట్లలో వైరస్ భయం ఉంది.