కలక – తేట

బావినుండి తోడిన నీటిలో కొన్ని వేళల మన్ను కలసి యుండును. ఆ నీటిని బిందెలో పోసి, తేట చేయవలెనని చేతితో మన్నును అడుగునకు నొక్కబోయినచో ఏమగును? నీరు మరింత కలగును. బిందెను అరుగుమీద నుంచి కదలింపక విడిచినచో, కొంతసేపటికి మన్ను తనంతట తానే అడుగునకు దిగును. పైన తేటనీరు నిలుచును. మన పెద్దలు నీటికిని మనస్సునకును ఒకే మాటను వాడిరి. ‘కలగు’ అను ధాతువునుండియే నీటి కలకయు, మనస్సు కలతయు ఏర్పడినవి. ‘తేరు’ అనగా నిర్మలమగుట. దానినుండియే నీటి తేటయు, మనుష్యుడు తేరుకొనుటయు వచ్చినవి. మనస్సు ఏల కలగునో, ఎట్లు తేరుకొనునో ఈ పాఠమున తెలిసికొందము.

నేను ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించిన తొలిదినములలో జరిగిన యొక సంగతి చెప్పెదను. పదవ తరగతి చదువుచున్న ఒక బాలుడు గణితపరీక్షకు ముందునాటి సాయంకాలము నాయొద్దకు వచ్చెను. తెలివిగలవాడు, సంవత్సరమంతయు శ్రద్ధతో చదివినవాడు. “మాస్టారూ! పుస్తకము తెరచినచో అన్నియు మరచిపోయినట్లు తోచుచున్నది. గుండె దడదడ కొట్టుకొనుచున్నది” అని చెప్పెను. నేను వాని వీపు తట్టి, “భయపడకుము. భయమును మనస్సులోనికి రానీయకుము. ఆ తలంపునే విడిచిపెట్టుము” అని చెప్పి పంపితిని. మంచిమాట చెప్పితినని తృప్తిపడితిని గూడ.

మరునాడు వాడు పరీక్షాశాలనుండి కన్నీటితో వెలుపలికి వచ్చెను. “మాస్టారూ! భయమును రానీయవద్దని మీరు చెప్పితిరి. కాని అది వచ్చినది. మీరు చెప్పినట్లు చేయలేకపోతినే యని మరొక భయము పట్టుకొన్నది. దానిని త్రోలుటతోనే సగము కాలము గడచిపోయినది” అనెను. వాడు ఆ పరీక్షలో తప్పెను. మరుసటి పరీక్షలో ఉత్తీర్ణుడయ్యెను గాని, ఆ వేసవి యంతయు వాడు ఎదురుపడినప్పుడెల్ల నేను తలయెత్తి మాటాడలేకపోతిని. వానికి కావలసినది ధైర్యవచనము కాదు. భయము వచ్చినప్పుడు ఎట్లు మెలగవలెనో తెలుపు ఉపాయము. అది ఆనాడు నాకే తెలియదు. తరువాత చదివి తెలిసికొన్న దానిని మీకు చెప్పుచున్నాను.

మొదట భయమనగా నేమో చూతము. అపాయము ఎదురైనప్పుడు ప్రాణి పోరాడవలెను, లేదా పారిపోవలెను. రెంటికిని బలము కావలెను. ఆ బలమును శరీరము ఎట్లు సమకూర్చుకొనునో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన వాల్టర్ కానన్ 1915 లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. మూత్రపిండములపై టోపీలవలె నుండు రెండు గ్రంథులు అడ్రినలిన్ అను రసమును నెత్తురులోనికి విడుచును. గుండె వేగముగా కొట్టుకొని కాలుసేతుల కండరములకు నెత్తురును పంపును. ఊపిరి వేగమగును. జీర్ణకోశమున పని మందగించుటచే కడుపులో త్రిప్పినట్లుండును. నోరెండును, అరచేతులు చెమర్చును. ఇవి శరీరము మనలను కాపాడుటకై చేయు ఏర్పాట్లు. చేనిగట్టుమీద పాము కనబడినప్పుడు ఒక్క గెంతున ప్రక్కకు దుముకుట వీనివలననే సాధ్యమగుచున్నది.

చిక్కేమనగా, ప్రశ్నపత్రమును చూచినను, నలుగురియెదుట మాటాడవలసి వచ్చినను శరీరము పామును చూచినట్లే నడచుకొనును. పాము పొదలోనికి పోయినచో భయము తీరును. రేపటి పరీక్షను గూర్చిన తలంపు ఎక్కడికిని పోదు. పడుకొన్నను మంచముమీద మనతోనే యుండును. గడచినదానిని తలచి వగచుటయు, జరుగనిదానిని ఊహించి వణకుటయు మనస్సునకు అలవాటు.

అట్లయిన ఆ తలంపును బలవంతముగా త్రోసివేయరాదా? ఈ ప్రశ్నకు సమాధానముగా డేనియల్ వెగ్నర్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు తన సహచరులతో కలసి అమెరికాలో చేసిన ప్రయోగ మొకటి 1987 లో వెలువడినది. కొందరు విద్యార్థులను ఒక్కొక్కరినే గదిలో కూర్చుండబెట్టి, “అయిదు నిమిషములపాటు మనస్సున తోచినదెల్ల పైకి చెప్పుడు. కాని తెల్లని ఎలుగుబంటిని మాత్రము తలపవలదు. తలచినప్పుడెల్ల ఈ గంట మ్రోగింపుడు” అని చెప్పిరి. తెల్లని ఎలుగుబంటిని ఊరక తలచువారెవరు? అయినను వారు సగటున నిమిషమునకు ఒక్కసారికంటె ఎక్కువగా దానిని తలచిరి. తరువాత “ఇప్పుడు తలచుడు” అనగా, మొదటినుండియు తలచుడని చెప్పబడినవారికంటె వీరే దానిని ఎక్కువగా తలచిరి. కారణము తెలియుచునే యున్నది. ‘తలచుచున్నానా, లేదా?’ అని మాటిమాటికి వెదకి చూచుకొనువాడు దానిని తలపక తప్పదు. నా శిష్యునకు నేను చేసిన ఉపదేశము ఇట్టిదే. బిందెలోని మన్నును చేతితో నొక్కుమని చెప్పితిని!

మరి చేయవలసినదేమి? జపానుదేశమున షోమా మొరిటా (1874–1938) అను వైద్యుడుండెను. టోక్యోలో వైద్యవిద్య నభ్యసించుకాలమున అతనిని గుండెదడయు, భయములును పీడించెను. మందులు పుచ్చుకొనుచు, తన రోగమును గూర్చియే చింతించుచు చదువుమీద మనస్సు నిలుపలేకుండెను. ఇంతలో ఇంటినుండి రావలసిన డబ్బు రాలేదు. తల్లిదండ్రులు తన్ను ఉపేక్షించిరని కినిసి, ‘ఇక ఏమైనను కానిమ్ము’ అని మందులు మాని, దడను దడగానే యుండనిచ్చి పుస్తకము తెరచి చదివెను. పరీక్షలో అనుకొన్నదానికంటె మంచి ఫలితము వచ్చెను. వింత యేమనగా, ఆ దడయు మాయమయ్యెను. తల్లిదండ్రులు అతనిని ఉపేక్షింపలేదనియు, సేద్యపు పనుల తొందరలో డబ్బు పంపుట మరచిరనియు తరువాత తెలిసెను. మొరిటా పెద్దవాడై, భయపీడితులకు ఒక చికిత్సాపద్ధతిని 1919 ప్రాంతమున ఏర్పరచెను. దానికి మూలసూత్రము ‘అరుగమమ’. అనగా ‘ఉన్నదున్నట్లు’. భయమును ఉండనిచ్చి, చేయవలసిన పనిని చేయుమనుటయే దాని సారము. అంతమాత్రమున వైద్యుడిచ్చిన మందులను మీరు మానివేయరాదు సుమా!

ఈ మార్గము మన దేశమునకు క్రొత్తది కాదు. మనస్సును నిలుపుట గాలిని పట్టుటవంటిదని అర్జునుడు మొరపెట్టుకొనగా, అభ్యాసవైరాగ్యములచే అది సాధ్యమని శ్రీకృష్ణుడు గీతలో బోధించెను. బుద్ధుడు తన శిష్యులకు శ్వాసను, శరీరమును, మనస్సున పుట్టు భావములను ఎరుకతో గమనించుట నేర్పెను. పాలీభాషలో దీనికి ‘సతి’ యని పేరు, సంస్కృతమున ‘స్మృతి’. 1979 లో జాన్ కబాట్‌జిన్ అను ఆచార్యుడు అమెరికాలోని మసాచుసెట్సు విశ్వవిద్యాలయపు వైద్యకళాశాలలో దీర్ఘకాలపు నొప్పులతో బాధపడు రోగులకు ఈ యెరుకను కొన్ని వారముల శిక్షణగా నేర్పసాగెను. నేడు అనేక దేశములలో వైద్యులు దీనిని ఉపయోగించుచున్నారు.

ఇక మీరు చేయదగిన విధము వినుడు. మొదటిది, గుర్తించుట. కలత కలిగినప్పుడు దానికి పేరు పెట్టి, ‘ఇది పరీక్షాభయము’ అని మనస్సులో అనుకొనుడు. ‘నేను తప్పెదను’ అనుట వేరు. ‘నేను తప్పెదనను తలంపు వచ్చినది’ అనుట వేరు. మొదటిది తీర్పు. రెండవది వార్త. ‘అను’ అను చిన్నమాట మీకును మీ తలంపునకును నడుమ కొంత ఎడము కల్పించును.

రెండవది, శ్వాసను గమనించుట. పాదములు నేలకు ఆనించి కూర్చుండి, ఊపిరి లోనికి వచ్చుటయు వెలికి పోవుటయు గమనింపుడు. వెలికి విడుచునప్పుడు తొందరపడక నెమ్మదిగా విడువుడు. మణికట్టున నాడిమీద వ్రేలుంచి చూచినచో, ఊపిరి విడుచునప్పుడు గుండె కొంత నెమ్మదించుటను మీలో పలువురు తెలిసికొనగలరు. మనస్సు నడుమ ఎక్కడికో పోవును, పోనిండు. లేగదూడను కొట్టక తోలుకొనివచ్చినట్లు దానిని మరల శ్వాసయొద్దకు తెండు. ఇట్లు నూరుసార్లు తెచ్చుటయే అభ్యాసము.

మూడవది, పనికి మరలుట. భయము పూర్తిగా పోవువరకు వేచియుండవలదు. అది ప్రక్కన కూర్చుండి యుండగనే మొదటి ప్రశ్నను చదువుడు. వచ్చిన జవాబును వ్రాయుడు. ప్రతిదినము అయిదు నిమిషములు ఈ అభ్యాసము చేయుడు. వరద వచ్చిననాడు ఈత నేర్చుకొనుట సాధ్యము కాదు గదా!

కలతను అంగీకరించుట యనగా సోమరితనము కాదు. వాన కురియుచున్నదని ఒప్పుకొన్నవాడే గొడుగు తీసికొనును. పాఠము రానిచో చదువవలసినదే. ఎవరైన మిమ్ము బెదరించుచున్నచో, ఊపిరి చూచుకొనుచు ఊరకుండరాదు. పెద్దలకు వెంటనే చెప్పవలెను. కన్నులు మూసికొని కూర్చున్నచో కొందరికి కలత హెచ్చును. అట్టివారు కన్నులు తెరచి ఎదుటనున్న చెట్టునో, వినవచ్చు ధ్వనులనో గమనించిన చాలును. నిద్రాహారములు లేక దినములు గడచుచున్నను, బడికి పోవుటకే కాళ్లాడకున్నను దాచుకొనరాదు. తల్లిదండ్రులకో ఉపాధ్యాయునకో చెప్పి వైద్యుని చూడవలెను. భారతప్రభుత్వము 2022 అక్టోబరులో ‘టెలిమానస్’ అను సేవను నెలకొల్పినది. 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే సలహా పొందవచ్చును. జ్వరమునకు వైద్యుని చూచుట సిగ్గుకాదు, ఇదియు నట్టిదే.

నేను పదవీవిరమణ చేయుటకు ముందు సంవత్సరమున ఒక బాలిక పరీక్షకు ముందునాడు నాయొద్దకు వచ్చి, ఆ బాలుడు చెప్పిన మాటలే చెప్పెను. ఈసారి నేను భయపడకుమని చెప్పలేదు. “అమ్మా! రేపు భయము వచ్చును. వచ్చినప్పుడు ‘వచ్చితివా, కూర్చుండుము’ అని చెప్పి, ఊపిరి నెమ్మదిగా విడిచి, మొదటి ప్రశ్న చదువుము” అంటిని. మరునాడు ఆమె వెలుపలికి వచ్చి, “భయము వచ్చినది, మాస్టారూ! పరీక్షయు వ్రాసితిని” అని నవ్వెను.

విద్యార్థులారా! కలత రాని మనస్సు లేదు. వచ్చినదానిని నొక్కవలదు, దానివెంట పరుగెత్తవలదు. బిందెను నిలుకడగా నుంచుడు. నీరు తేరుకొనును.