ఆన్‌లైన్ సంపాదన మన ఒంటికి పడుతుందా?

సెకండియర్‌లోకి వచ్చేసరికి మనలో చాలామందికి ఒక ఆలోచన మొదలవుతుంది. ఇంటి నుంచి వచ్చిన డబ్బులు ఇరవయ్యో తారీఖుకే అయిపోతాయి. నాన్నని మళ్ళీ అడగాలంటే మొహమాటం. ఫోన్ తెరిస్తే చాలు, "రోజుకి రెండు గంటలు, నెలకి ముప్పై వేలు" అంటూ ఎవరో ఒకరు ఊరిస్తూనే ఉంటారు. నేను ఏడాదిన్నరగా తెలుగు సబ్‌టైటిల్స్, ప్రూఫ్ రీడింగ్ పనులు చేస్తున్నానని తెలిసి జూనియర్స్ అడుగుతుంటారు: "అన్నా, నిజంగా డబ్బులొస్తాయా?"

వస్తాయి. అందరికీ రావు. తెలివి తక్కువై కాదు, కొందరి స్వభావానికి ఆ పని పడదు. మనకి పడుతుందో లేదో ముందే తెలుసుకునే దారి ఉంది. నేను అడగమనే ప్రశ్నలు ఇవి.

మొదటిది: డబ్బు రాకపోయినా ఎన్నాళ్ళు ఆగగలరు?

ఆన్‌లైన్ పనులు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి, ఎవరికో పని చేసిపెట్టి కూలి తీసుకోవడం: వెబ్‌సైట్, వీడియో ఎడిటింగ్, అనువాదం లాంటివి. రెండోది, మనమే ఏదో తయారుచేసి జనం కోసం ఎదురుచూడడం. యూట్యూబ్ ఈ రెండో రకం. అక్కడ యాడ్స్ ఆదాయం మొదలవ్వాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు, గడిచిన 12 నెలల్లో 4,000 గంటల వాచ్ టైమ్ ఉండాలి. షార్ట్స్ దారిలో వెళ్తే 90 రోజుల్లో కోటి వ్యూస్. మనం ఇంజనీర్లం కదా, లెక్క వేద్దాం. 4,000 గంటలంటే 2,40,000 నిమిషాలు. ఒక్కొక్కరు సగటున మూడు నిమిషాలు చూస్తారనుకుంటే 80,000 వ్యూస్ కావాలి. అదీ దాటాక, యాడ్‌సెన్స్‌లో 100 డాలర్లు జమయితే గానీ డబ్బు మన బ్యాంకుకి రాదు. వచ్చే నెల మెస్ బిల్లు దీంతో కడదామనుకునేవాళ్ళకి ఈ దారి కాదు.

రెండోది: ఎవరూ అడగకపోయినా కూర్చుంటారా?

మీ రికార్డు ఎప్పుడు రాస్తారో గుర్తుచేసుకోండి. సబ్మిషన్ ముందు రాత్రేనా? అయితే సిగ్గుపడక్కర్లేదు, మీకు డెడ్‌లైన్ ఉంటేనే చెయ్యి కదులుతుందని అర్థం. అలాంటివాళ్ళు "శుక్రవారం సాయంత్రానికి కావాలి" అని చెప్పే క్లయింట్ ఉంటే బాగానే నెట్టుకొస్తారు. సొంత ఛానెల్ పెడితే మాత్రం మూడో వీడియోకి ఆగిపోతారు. అక్కడ అడిగేవాడు ఉండడు, తిట్టేవాడూ ఉండడు.

మూడోది: అమ్మడానికి మన దగ్గర ఏముంది?

"కోడింగ్ వచ్చు" అంటే చాలదు, అది మన బ్రాంచ్‌లో అరవైమందికి వచ్చు. ఎదుటివాడి ఏ ఇబ్బంది తీర్చగలమో చెప్పగలగాలి. మన క్లబ్‌లో ఉన్నవాళ్ళకి ఒక చిన్న ఆస్తి ఉంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఇంగ్లీషులో "హీ" అని ఒక్క మాట ఉంటే, తెలుగులో వాడా, అతనా, ఆయనా అన్నది సీన్ చూసి తేల్చాలి. మెషీన్ అనువాదం తరచూ ఇక్కడే తడబడుతుంది. తాతగారిని "నువ్వు" అనిపిస్తుంది, దొంగని "మీరు" అంటుంది. వత్తులు, ణ-న తేడాలు సరిగ్గా పట్టుకుని, టైపింగ్ వేగంగా చేసేవాళ్ళకి ఇందులో పని దొరుకుతుంది. నాకు దొరికింది అలాగే.

నాలుగోది: గంటకి ఎంత పడుతోంది?

1,500 రూపాయల పని అంటే వినడానికి బాగుంటుంది. దానికి 12 గంటలు పడితే గంటకి 125. మార్పులు చెప్పారని ఇంకో 3 గంటలు కూర్చుంటే వంద. ఫైవర్ లాంటి చోట అమ్మేవాడి నుంచి 20 శాతం కమిషన్ పోతుంది. 20 డాలర్ల పనికి చేతికొచ్చేది 16. మన వీధిలో ఇంటర్ పిల్లలకి మ్యాథ్స్ ట్యూషన్ చెప్తే ఇంతకంటే ఎక్కువే రావచ్చు. అలా తేలితే ట్యూషనే చెప్పండి. ఆన్‌లైన్ అయినంత మాత్రాన గొప్ప కాదు.

ఐదోది: దీనికి నిద్రా, క్లాసులూ ఎంత ఖర్చవుతాయి?

న్యూయార్క్‌లో ఉదయం పది అయితే మనకి రాత్రి ఏడున్నర, చలికాలంలో ఎనిమిదిన్నర. అక్కడివాళ్ళు పని మొదలుపెట్టే వేళకి మనం భోజనానికి లేస్తాం. నాకు తెలిసిన ఒక సీనియర్ రాత్రంతా క్లయింట్లతో మాట్లాడి పొద్దున పడుకునేవాడు. అటెండెన్స్ 75 శాతం లేక డిటెయిన్ అయ్యాడు. ఆ సెమిస్టర్ మళ్ళీ చదవడానికి కట్టిన ఫీజు, ఏడాదంతా సంపాదించినదానికంటే ఎక్కువ. పనిలో ఆయన దిట్టే. కానీ వద్దని చెప్పడం రాదు. ఈ గుణం లేనివాళ్ళు ఎంత పనిమంతులైనా దెబ్బతింటారు.

ఇంకో మాట. పని ఇవ్వడానికి ముందు మన దగ్గరే డబ్బు అడిగినా, వీడియోలకి లైక్ కొడితే చాలన్నా, అది ఉద్యోగం కాదు, వల. అన్నిటికంటే ప్రమాదం "నీ బ్యాంక్ అకౌంట్ వాడుకుంటాం, కమిషన్ ఇస్తాం" అనే మాట. అందులోకి వచ్చేది ఎవరి దగ్గరో కొట్టేసిన సొమ్ము కావచ్చు. పోలీసులు ముందు వెతుక్కుంటూ వచ్చేది అకౌంట్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళ దగ్గరికే. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయండి, ఆలస్యం చేసేకొద్దీ తిరిగొచ్చే ఆశ తగ్గుతుంది.

ఈ ప్రశ్నలకి మనసులో జవాబు చెప్పుకుంటే అందరం పాసైపోతాం. కాబట్టి ఒక నెల పరీక్ష పెట్టుకోండి. ఒకే పని ఎంచుకోండి. వారానికి ఎనిమిది గంటలు, అంతకుమించి వద్దు. మొదటి రెండు వారాల్లో మూడు నమూనాలు తయారుచేయండి. తర్వాతి రెండు వారాల్లో వాటిని పదిమందికి పంపండి. కూర్చున్న గంటలు ఏ రోజుకి ఆ రోజు నోట్‌బుక్‌లో రాయండి. పదిమందిలో ఎనిమిదిమంది జవాబే ఇవ్వకపోవచ్చు. ఆ మౌనం చూసి తొమ్మిదో మనిషికి ఇంకొంచెం బాగా రాసి పంపాలనిపించిందా, లేక ఫోన్ పక్కన పడేయాలనిపించిందా? మీకు కావాల్సిన జవాబు అందులో ఉంది.

నా రూమ్మేట్ ఈ పరీక్ష చేసి, మూడో వారంలో ఆపేశాడు. కోడింగ్‌లో నాకంటే చాలా మెరుగు. కానీ ముక్కూమొహం తెలియనివాళ్ళ మెసేజ్ కోసం ఎదురుచూడడం తనకి నచ్చలేదు. ఇప్పుడు ఆ ఎనిమిది గంటలూ గేట్ ప్రిపరేషన్‌కి పెడుతున్నాడు, హాయిగా ఉన్నాడు. "నాకు పడదు" అని ఒక్క నెలలో తెలుసుకోవడం చవక బేరమే. ఫైనలియర్‌లో తెలిస్తే దాని ఖరీదు వేరేగా ఉంటుంది.