ఆన్ కాని కంప్యూటరుకు ఫార్మాట్ ఒక్కటే మందా?

పవర్ బటన్ నొక్కిన తరువాత తెర నల్లగానో నీలంగానో నిలిచిపోతే, ‘విండోస్ పోయింది, ఫార్మాట్ కొట్టాల్సిందే’ అనే తీర్పు యంత్రాన్ని పరిశీలించకముందే వెలువడుతుంది. దానిని నమ్మినవారు పోగొట్టుకునేవి కుటుంబ ఛాయాచిత్రాలు, దుకాణపు లెక్కలు, ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న పత్రాలు. ఆపరేటింగ్ సిస్టమ్ దశలవారీగా, ఒక దశ తన పని ముగించి తరువాతి దశకు పగ్గాలు అప్పగిస్తూ మొదలవుతుంది గనుక, అది ఏ దశలో ఆగిందో తేల్చకుండా మందు రాయడం వైద్యం అనిపించుకోదు.

మొదట నడిచేది విండోస్ కానే కాదు. మదర్‌బోర్డు మీది చిప్‌లో ఉండే యూఈఎఫ్ఐ అనే ఫర్మ్‌వేర్, అనగా యంత్రంతోపాటే వచ్చే ప్రాథమిక ప్రోగ్రాము, ర్యామ్ వంటి భాగాలను పరీక్షించి, డిస్కులో ప్రత్యేకంగా కేటాయించిన చిన్న విభాగం నుంచి బూట్ మేనేజరును నడిపిస్తుంది. అది పిలిచే లోడరు, ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలమైన కెర్నెల్‌నూ, హార్డ్‌వేరును నడిపే డ్రైవర్లలో తొలుత కావలసిన వాటినీ మెమరీలోకి చేరుస్తుంది; లాగిన్ తెర కనిపించేది ఆ తరువాతే. తయారీ సంస్థ లోగో సైతం రాకుండా ఆగిన యంత్రంలో లోపం ర్యామ్‌లోనో పవర్ సప్లైలోనో ఉండవచ్చు; అప్పుడు డిస్కును తుడిచిపెట్టి సాధించేది శూన్యం. ‘నో బూటబుల్ డివైస్’ అనే సందేశానికి కేబుల్ వదులు కావడమో, బూట్ క్రమం మారడమో, బూట్ మేనేజరు దెబ్బతినడమో కారణం కావచ్చు. ఒకవేళ డిస్కే చెడిపోతున్నా, ముందు చేయవలసింది ఫైళ్లను కాపాడటమే తప్ప చెరపడం కాదు.

కెర్నెల్, డ్రైవర్ల దశలో ఆగినా ఇంతే. ఉదాహరణకు, 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేరుకు వచ్చిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు కుప్పకూలాయి, వాటిలో అనేకం మొదలైన ప్రతిసారీ నీలి తెర చూపి మళ్లీ మొదటికే వచ్చాయి. అందుకు సూచించిన పరిష్కారం ఫార్మాట్ కాదు. అత్యవసరమైన డ్రైవర్లతో మాత్రమే నడిచే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ అప్‌డేట్‌తో వచ్చిన లోపభూయిష్టమైన ఫైలును తొలగించడం.

ఫార్మాట్ తీర్పుతోపాటు వినిపించే మాటలు మరికొన్ని ఉన్నాయి. నల్లని తెర వైరస్‌కు గుర్తు అనేది ఊహ. ర్యామ్ పెంచితే ఏ కంప్యూటరైనా చకచకా మొదలవుతుందనేది వ్యాపారం. ‘రీస్టార్ట్ చేస్తే సర్దుకుంటుంది’ అనే మాటను మాత్రం, అయిష్టంగానైనా, కొంతవరకు ఒప్పుకోక తప్పదు: విండోస్ 8 నుంచి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ అమలులో ఉంటే, షట్‌డౌన్ వేళ కెర్నెల్ స్థితి డిస్కులో భద్రమై మరునాడు యథాతథంగా తిరిగి వస్తుంది, రీస్టార్ట్‌లోనైతే కెర్నెల్ కొత్తగా మొదలవుతుంది.

కనుక ఫార్మాట్‌కు తలూపే ముందు, ఏ దశలో ఆగిందని మరమ్మతుదారును అడగాలి. జవాబు రాకపోతే డిస్కును అతని చేతికి ఇవ్వకపోవడమే మేలు. డిస్కుకు బిట్‌లాకర్ ఎన్‌క్రిప్షన్, అనగా కీ లేనిదే సమాచారం చదవనీయని విండోస్ తాళం, ఉంటే దాని రికవరీ కీని, ముఖ్యమైన ఫైళ్ల నకలును యంత్రం బాగున్న రోజునే వేరొక చోట దాచుకోవాలి.