దిద్దుకొనుటకు ఇచ్చిన బ్రతుకు



కొన్నేళ్ల క్రితము కోరుట్లలో ఒక గృహ ప్రార్థన కూడికకు వెళ్లాము. ఆ వాడలో చాలామంది సహోదరీలు బీడీలు చేసి కుటుంబము నెట్టుకొచ్చేవారు. గడప దగ్గరకు రాగానే ఆ ఇంటి పెద్దమ్మ చెంబుతో నీళ్లిచ్చింది. కాళ్లు కడుగుకొని, వేసిన కుర్చీలో కూర్చున్నాము. ఆమె చాటను ఒడిలో పెట్టుకొని క్రింద కూర్చున్నది. ఆ సాయంత్రము మేము చెప్పిన వాక్యము యోహాను సువార్త 13వ అధ్యాయము, ప్రభువు శిష్యుల పాదములు కడిగిన సంగతి. ఆయన చేసినట్లు మనమును చేయవలెనని ముగించాము.

పెద్దమ్మ తలెత్తకుండానే అడిగింది: "అయ్యగారూ, ఆయన దేవుడాయె. దేవునితోని ఏదైనా అయితది. మాసొంటోళ్లతోని ఎట్లయితది?"

మేము వేదాంత తరగతిలో నేర్చుకొన్న జవాబు చెప్పాము. క్రీస్తు సంపూర్ణ దేవుడు, సంపూర్ణ మానవుడు, క్రీ.శ. 451లో కల్కెదోను సభ కూడి, ఈ రెండు స్వభావములు కలిసిపోక, విడిపోక ఆయన ఒక్కనియందే ఉన్నవని ఒప్పుకొన్నది. పెద్దమ్మ విని, "మంచిగ చెప్పిండ్రు" అని మరల ఆకు చుట్టసాగింది. మా జవాబు తప్పు కాదు. కానీ ఆమెకు అందలేదు. తిరిగి వచ్చునప్పుడు బస్సులో మాకు తోచినది ఒక్కటే: పాదములు కడుగుటను గూర్చి చెప్పిన మేము, ఆమె నీళ్లు తెచ్చి క్రింద కూర్చుంటే కుర్చీలో కూర్చున్నాము.

మనకు అలవాటైన సాకు

పెద్దమ్మ నిజముగా తెలిసికొనగోరి అడిగినది. మనలో అనేకులము అదే మాటను సాకుగా వాడుకొంటాము. "ఆయన దేవుడు గనుక క్షమించాడు, ఆయన దేవుడు గనుక ఓర్చుకొన్నాడు" అంటాము. వినుటకు అది వినయమువలె ఉండును. కానీ మ్రొక్కుటకు ప్రభువును, నడుచుకొనుటకు లోకమును ఎంచుకొనుటయే దాని అర్థము. ఆయన దేవత్వమును ఒప్పుకొంటూనే ఆయన మాదిరిని ప్రక్కకు నెట్టుచున్నాము.

లేఖనములు మనకు ఆ సందు ఇవ్వవు. ఆయన వడ్లవాడుగా పనిచేసెను (మార్కు 6:3). ప్రయాణపు అలసటతో బావియొద్ద కూర్చుండెను (యోహాను 4:6). స్నేహితుని సమాధియొద్ద ఏడ్చెను (యోహాను 11:35). మనవలెనే సమస్త విషయములలో శోధింపబడెను, అయినను పాపము లేనివాడు (హెబ్రీ 4:15). ఆయన ఆకలి, అలసట, కన్నీరు నటనలు కావు.

సిరిసిల్లలో నేర్చిన పాఠము

ఒకప్పుడు ఆదివారము ఆరాధనలో కునుకు తీయుచున్న ఒక సహోదరుని సంఘము ఎదుట మందలించాము. తరువాత ఒక రాత్రి సిరిసిల్లలో అతడు పనిచేయు షెడ్డుకు వెళ్లాము. సాంచాల చప్పుడులో మాట వినబడదు. అతడు ఒక సాంచా నుండి మరియొక సాంచాకు తిరుగుచు, కండెలు మార్చుచు, తెగిన దారములు ముడివేయుచు తెల్లవార్లు నిలువు కాళ్లమీద ఉండెను. 2000వ సంవత్సరము తరువాతి ఏండ్లలో నేత కార్మికుల ఆత్మహత్యల వార్తలతో ఆ ఊరి పేరు పత్రికలకు ఎక్కినది. అటువంటి ఊరిలో బ్రతుకు లాగుచున్న మనిషిని మేము మందలించాము. తుపానులో దోనెలో అలసి నిద్రించిన ప్రభువు (మార్కు 4:38) మాకప్పుడు జ్ఞాపకము రాలేదు. అతనిని క్షమాపణ అడిగాము.

అతడు నవ్వి బట్టను చూపించాడు. పడుగు నిలువుగా, పేక అడ్డముగా పోవును. పడుగు పేక కాదు, పేక పడుగు కాదు, అయినను బట్ట ఒక్కటే. ఏ ఉపమానమైనను కొంతవరకే. అయినను కల్కెదోనులో పెద్దలు చెప్పినది మాకు ఆ రాత్రి మరింత దగ్గరగా తోచినది.

జగిత్యాల సహోదరుని పోరాటము

జగిత్యాల ప్రాంతపు పల్లెలనుండి అనేకులు గల్ఫు దేశములకు పోయిరి. వారిలో ఒక సహోదరుడు వడ్డీకి తెచ్చిన సొమ్ము ఏజెంటుకు కట్టి, మోసపోయి తిరిగి వచ్చాడు. ఆ ఏజెంటుది అదే ఊరు. "క్షమించుట దేవుని పని, నా పని కాదు" అన్నాడు. మేము ఈసారి ప్రసంగించలేదు. గెత్సేమనే సంగతి కలిసి చదివాము. ప్రభువుకు సహితము అది తేలిక కాలేదు. ఆ గిన్నె తొలగవలెనని మూడుసార్లు ప్రార్థించెను, ఆయన చెమట రక్తబిందువులవలె ఆయెను (మత్తయి 26:39-44, లూకా 22:44).

ఆ సహోదరుడు ఆ రాత్రే క్షమించలేదు. మొదట ఏజెంటు నాశనము కోరుచు చేయు ప్రార్థన మానాడు. నెలల తరువాత ఒక పెండ్లిలో ఎదురుపడి పలుకరించాడు. సొమ్ము ఇమ్మని ఇప్పటికీ అడుగుచున్నాడు, అది న్యాయమే. అప్పు ఇంకా తీరలేదు. కానీ పగ అతని ఇంట భోజనము దగ్గర కూర్చుండుట మానినది.

చేయి పట్టి దిద్దించువాడు

క్రీస్తు మనకు మాదిరి ఉంచిపోయెనని పేతురు వ్రాసినప్పుడు (1 పేతురు 2:21) వాడిన గ్రీకు మాటకు, పిల్లలు దిద్దుకొనుటకు గురువు ముందుగా వ్రాసి ఇచ్చు అక్షరములు అని అర్థము. మన పిల్లలు పలకమీద ఓనమాలు దిద్దినట్లే. ఆయన మనుష్యుడు గనుక ఆ అక్షరము మనము చదువగలిగినంత దగ్గరగా ఉన్నది. అయితే చేయి వణకు పిల్లవానికి అక్షరము చూపించుట చాలదు, గురువు వ్రేళ్లు పట్టి దిద్దించవలెను. ఆయన కేవలము మంచి మనుష్యుడైతే అక్షరము వ్రాసి వెళ్లిపోయి ఉండును. ఆయన దేవుడు, సజీవుడు గనుక నేటికిని మన చేయి పట్టుకొని ఉన్నాడు. వంకర గీత దిద్దిన పిల్లవానిని ఆయన బడినుండి వెళ్లగొట్టడు.

మరుసటి నెల కోరుట్లకు పోయినప్పుడు కుర్చీ వద్దని పెద్దమ్మ ప్రక్కన చాపమీద కూర్చున్నాము. కత్తెర తీసికొని తునికాకు కత్తిరించబోయి రెండు ఆకులు పాడుచేశాము. ఆమె నవ్వి, మా చేయి పట్టుకొని ఆకు ఎట్లు తిప్పవలెనో చూపింది. ఆ సాయంత్రము వాక్యము ఆలస్యముగా మొదలైనది.

ప్రియులారా, ఈ నెల కుటుంబ ప్రార్థనలో ఫిలిప్పీ 2:5-11 కలిసి చదువుడి. "ఆయన దేవుడు గనుక" అని మన ఇంట ఎవరికి ఏమి చేయక తప్పించుకొనుచున్నామో, భర్త భార్యను, తల్లిదండ్రులు పిల్లలను అడుగవలెను. వచ్చిన జవాబులలో ఒక్కదానితో మొదలుపెట్టుడి. మన అలసట ఎరిగిన ప్రభువు మీ చేయి పట్టి నడిపించును గాక. ఆమేన్.