గీసి చెరిపేసిన రాక్షసులు

పోకెమాన్ ఆడినవాళ్లను ఎవరినైనా ఒకటో నంబరు ఎవరిదని అడగండి. తడుముకోకుండా బల్బసార్ అంటారు. వీపు మీద మొగ్గను మోస్తూ తిరిగే ఆ బుజ్జి జీవితో తొలి ఆటల పోకెడెక్స్ అనే జీవుల పట్టిక మొదలవుతుంది, 151వ నంబరు మ్యూతో ముగుస్తుంది. అది ఆడేవాళ్ల కోసం తర్వాత సర్దిన పట్టిక. 1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో విడుదలైన రెడ్, గ్రీన్ క్యాట్రిడ్జ్‌ల లోపల ప్రోగ్రామ్ తన పని కోసం వాడుకునే వరస ఇంకొకటుంది. అందులో 1 రైడాన్. ఖడ్గమృగాన్నీ డైనోసార్‌నీ కలిపి రెండు కాళ్ల మీద నిలబెట్టిన భారీ శాల్తీ. 2 కంగస్‌ఖాన్, పొట్ట సంచిలో పిల్లను పెట్టుకున్న తల్లి. పికాచూ కోసం వెతుక్కుంటూ పోతే 84 దగ్గర దొరుకుతుంది. బల్బసార్‌ది 153.

ఇది దాదాపుగా ఆ జీవాలు తయారైన వరసే. రైడానే తాము మొదట చేసిన పోకెమాన్ అని చిత్రకారుడు కెన్ సుగిమోరి చెప్పారు కూడా. ఆ మాట గుర్తుంచుకుని పట్టికను మళ్లీ చదివితే తమాషాలు బయటపడతాయి. బల్బసార్ పెరిగితే అయ్యే ఐవీసార్ 9వ గడిలో ఉంది. పిల్ల కంటే ముందే పెద్దది పుట్టిందన్నమాట. వీపు మీద ఫిరంగులు మోసే తాబేలు బ్లాస్టాయిస్ 28. దాని పిల్ల స్క్విర్టల్ 177. తోకకు నిప్పున్న చార్మాండర్ 176. ఆట మొదలుపెట్టగానే ఏదో ఒకటి ఎంచుకోమని పిల్లల ముందు పెట్టే ముగ్గురు బుజ్జాయిలూ పట్టిక చివర్లో వచ్చి చేరినవాళ్లే. మొదటి 30 గళ్లలో కొమ్ములు, కోరలు, డొప్పలు, దయ్యాలు. మధ్యలో 4వ గడిలో గులాబీ రంగు క్లెఫెయిరీ ఒకత్తే ముద్దుగా, దారితప్పి వచ్చినదానిలా నిలబడి ఉంటుంది.

ముద్దొచ్చే జీవుల ఆటగా లోకానికి తెలిసిన పోకెమాన్ పుట్టుకతో ముద్దుది కాదు. దాని చిత్తుప్రతుల్ని చూస్తే నాకు కనబడేది ఇదే. భయపెట్టడానికి గీసిన బొమ్మ, స్నేహితుడి చేతిలో పెట్టాలనిపించే బొమ్మగా మారడానికి ఆరేళ్లు పట్టింది.

ఆ వరసలో 190 గళ్లున్నాయి, నిండినవి 151. మిగతా 39లో ఒకప్పుడు ఏవో ఉండేవి, తీసేశారు. పొరపాటున ఆట ఆ గడిలోకి అడుగుపెడితే ఇంగ్లిష్ వెర్షన్‌లో 'మిస్సింగ్‌నో' అన్న పేరు, చిందరవందర చుక్కల దిమ్మె తెరమీదికి వస్తాయి. విచిత్రమేమిటంటే, బొమ్మ పోయినా కొన్ని గళ్లలో అరుపు మిగిలిపోయింది. ఆ ఆటలో ప్రతి పోకెమాన్ అరుపూ కొద్దిపాటి మూల శబ్దాల్లో ఒకదాన్ని తీసుకుని, దాని శ్రుతి, నిడివి మార్చి చేసిందే. కాబట్టి ఫలానా ఖాళీ గడి అరుపు ఫలానా దానితో కలుస్తోంది, రెండూ చుట్టాలై ఉంటాయి అంటూ అభిమానులు ఏళ్ల తరబడి వంశవృక్షాలు గీశారు. శిలాజాలు దొరకని చోట గొంతును బట్టి జంతువును ఊహించే శాస్త్రం ఇది. సగం వినోదం, సగం పరిశోధన.

పోకెమాన్ సృష్టికర్త సతోషి తజిరి 1965లో పుట్టాడు. టోక్యో శివార్లలోని మచిదాలో పెరిగాడు. పురుగుల్ని పట్టి పెంచే పిచ్చి ఉన్న పిల్లాడు. చెరువులూ పొలాలూ కళ్లముందే కాంక్రీటు కిందికి పోవడం చూశాడు. 1983లో 'గేమ్ ఫ్రీక్' పేరుతో వీడియో గేముల మీద చేత్తో రాసిన చిన్న పత్రిక తెచ్చాడు. అది చదివి బొమ్మలు గీస్తానంటూ వచ్చినవాడే సుగిమోరి. 1989కల్లా పత్రిక కాస్తా గేములు తయారుచేసే కంపెనీ అయింది. 1990లో వాళ్లు నింటెండోకి ఇచ్చిన ప్రతిపాదన పేరు 'క్యాప్సూల్ మాన్‌స్టర్స్'. నాణెం వేస్తే ప్లాస్టిక్ గుండులో బొమ్మ పడే మెషీన్లు జపాన్‌లో వీధివీధినా ఉంటాయి. గుండు లోపల ఏముందో తెరిచేదాకా తెలియదు. దానికి టీవీలో 'అల్ట్రాసెవెన్' చూసి పెరిగిన తరం ఊహలు తోడయ్యాయి. అందులో హీరో చిన్న గుళికల్లోంచి రాక్షసుల్ని బయటికి వదిలి యుద్ధానికి పంపుతాడు. ప్రతిపాదనలోని బొమ్మలూ ఆ గాలివే. గాడ్జిల్లా పోలికలున్న భారీ బల్లి, రైడాన్‌కు పూర్వరూపం, మనిషిని వీపున ఎక్కించుకుని ఈదే లాప్రస్‌లాంటి జలచరం.

పేరు విషయంలో ట్రేడ్‌మార్క్ చిక్కు వచ్చి 'పాకెట్ మాన్‌స్టర్స్' అయింది. పేరు మారినా రాక్షసుల వాసన వెంటనే పోలేదు. 1996 నాటి ఆటలోనే చూడండి. క్రూరమృగాల్ని ఆడించే శిక్షకుడొకడు కొరడాతో ఎదురవుతాడు. జిమ్ లీడర్ సబ్రీనా చేతిలోనూ కొరడా ఉంటుంది. సర్కస్ డేరా ఆనవాళ్లు అవి. తర్వాతి ఆటల్లో ఆ కొరడా మెల్లగా జారిపోయింది.

తజిరి అసలు కోరిక పోరాటం కాదు, ఇచ్చిపుచ్చుకోవడం. 'డ్రాగన్ క్వెస్ట్ 2' ఆడుతున్నప్పుడు సుగిమోరికి అరుదైన టోపీ రెండుసార్లు దొరికిందట, తజిరికి ఒక్కటీ దొరకలేదట. ఒకటి నాకు పంపే వీలుంటే ఎంత బాగుండేదన్న ఆ ఉక్రోషం, రెండు గేమ్‌బాయ్ యంత్రాలను కలిపే కేబుల్‌ను చూసినప్పుడు ఆట రూపం తీసుకుంది. ఇక్కడే బొమ్మల సంగతి చిక్కుపడుతుంది. ఎదుటివాడిని చితక్కొట్టడానికైతే ఎంత వికారంగా ఉంటే అంత మంచిది. ఎదుటివాడు 'అది నాకిస్తావా?' అని అడగాలంటే వేరే రకం అందం కావాలి.

ఆ అందాన్ని తెచ్చినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన పేరు అట్సుకో నిషిదా. బల్బసార్, చార్మాండర్, స్క్విర్టల్ కుటుంబాలు ఆమె చేతిలోవే. పికాచూ కూడా. 2018లో ఒక జపాన్ పత్రికకిచ్చిన ఇంటర్వ్యూలో ఆమె చెప్పిన పికాచూ కథ వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. మొదట గీసింది ఎలుకను కాదట. దైఫుకు అనే మిఠాయికి చెవులు తగిలించిన ఆకారమట. బియ్యప్పిండి తొడుగులో తీపి చిక్కుడు ముద్ద పెట్టి గుండ్రంగా చేస్తారు దాన్ని. మన పూర్ణం బూరెకు నూనె తగలని చెల్లెలు అనుకోవచ్చు. బుగ్గలకు ఉడుత ఆదర్శం. ఉడుత తిండి దాచుకున్నట్టు ఇది కరెంటు దాచుకుంటుంది. ఎలుక అనే మాట తర్వాత వచ్చి చేరింది. ఆ బొమ్మ మీద మనసు పడ్డ డిజైనర్ కోజి నిషినో, తేలిగ్గా ఎవరికీ దొరకకూడదని దాన్ని అడవిలో అరుదుగా కనిపించేలా పెట్టాడు. కంపెనీ లోపలే ఒకడు దాచుకోవాలనుకున్నాడంటే బొమ్మ పని చేసినట్టే కదా.

అదే ఇంటర్వ్యూలో గొరోచూ సంగతి బయటపడింది. పికాచూ పెరిగితే రైచూ, రైచూ పెరిగితే గొరోచూ. కోరలు, కొమ్ములు ఉన్న మూడో రూపం. ఆట తూకం కుదరదని తీసేశారు. దాన్ని తలుచుకుని బాధపడే అభిమానులు చాలామందే ఉన్నారు. నాకు బాధ లేదు. బుగ్గల పికాచూను పెంచి పెద్దచేసిన పిల్లాడికి చివర్లో కొమ్ముల దయ్యం ఎదురైతే ఆ కథ పాత రాక్షసుల కొంపకే తిరిగి చేరేది.

వీటన్నిటికీ ఉన్న చోటెంత? 160 చుక్కల వెడల్పు, 144 చుక్కల ఎత్తు ఉన్న గేమ్‌బాయ్ తెర. రంగులు లేవు, నాలుగు ఛాయలు. ఎదురుగా నిలబడే పోకెమాన్‌కు ఎంత పెద్దదైనా 56 చుక్కల చదరమే గతి. రైడాన్‌లాంటి పర్వతమైనా అందులోనే ఇమడాలి. అంత ఇరుకులో వివరం పెంచితే బురదవుతుంది. బయటి గీత స్పష్టంగా ఉంటేనే బొమ్మ నిలుస్తుంది. మొదటి రెడ్, గ్రీన్‌లలో చాలా బొమ్మలు ఇప్పుడు చూస్తే గుర్తుపట్టలేనంత వంకరగా ఉంటాయి. 1996 అక్టోబరులో వచ్చిన బ్లూ కోసం వాటిని తిరిగి గీశారు.

ఆ ఇరుకులో చివరి నిమిషాన దూరింది మ్యూ. ఆట పూర్తయి, తప్పులు వెతికే పరికరాల్ని క్యాట్రిడ్జ్‌లోంచి తీసేశాక దాదాపు 300 బైట్లు మిగిలాయి. ప్రోగ్రామర్ షిగెకి మొరిమోతో అందులో ఈ జీవిని ఇరికించేశాడు. దాని లోపలి నంబరు 21. చుట్టూ ఉన్నవన్నీ పాతకాపులు. అంటే ఎవరో ఖాళీ చేసిన గడిలో కొత్తగా అద్దెకు దిగిందనుకోవాలి. 20 మందికి మ్యూ ఇస్తామని పిల్లల మాసపత్రిక కొరోకొరో ప్రకటిస్తే 78,000 దరఖాస్తులొచ్చాయి. అప్పటిదాకా నెమ్మదిగా సాగుతున్న అమ్మకాలు ఊపందుకున్నది ఆ తర్వాతే.

మన పిల్లలకు ఈ గొడవలేవీ తెలియవు. ఇక్కడికి పోకెమాన్ టీవీ కార్టూన్‌గా, చిప్స్ ప్యాకెట్లలో దొరికే టాజో బిళ్లలుగా వచ్చింది. అప్పటికి పికాచూ నున్నగా, పసుప్పచ్చగా తయారై ఉంది. చిత్తుప్రతి అనేదొకటి ఉంటుందని ఊహించే అవసరమే రాలేదు.

చిత్తుప్రతుల్లో అన్నిటికంటే సంపన్నమైనది రెండో తరానిది. 1997 నవంబరులో టోక్యో పక్కన మకుహరిలో నింటెండో 'స్పేస్ వరల్డ్' ప్రదర్శన పెట్టి, రాబోయే గోల్డ్, సిల్వర్ ఆటల నమూనా జనంతో ఆడించింది. వచ్చినవాళ్లు చూసింది చిన్న ముక్కే. ఆ క్యాట్రిడ్జ్‌లో నిద్రపోతున్న మిగతా జీవాలు 2018 మే నెలాఖరున ఇంటర్నెట్‌లోకి వచ్చిపడ్డాయి. అసలు ఆట 1999 నవంబరు 21న విడుదలైంది. రెండేళ్ల తేడాలో ఆట ఎంత తిరగబడిందో పక్కపక్కన పెట్టి చూడొచ్చు. నమూనా పటంలో దాదాపు జపాన్ దేశమంతా ఉంది, చివరికది జోతో అనే ప్రాంతానికి కుదించుకుపోయింది. మొదటి ముగ్గురిలో ఆకు జీవి చికోరీటా నిలిచింది. నిప్పుకు ఎలుగు పిల్లను, నీటికి సీల్ పిల్లను అనుకున్నారు. రెండూ పోయి సిండాక్విల్, టోటొడైల్ వచ్చాయి. పులి కూన, నోట్లో లంగరున్న షార్కు, మియావ్‌త్‌కూ వల్పిక్స్‌కూ పసికూనలు, ఇలా ఎన్నో రాలిపోయాయి.

'పోయినవే బాగున్నాయి' అని నిట్టూర్చడం అభిమానుల్లో ఫ్యాషన్. నిజాయితీగా చూస్తే వాటిలో చాలావరకు పోవాల్సినవే. పసికూనలైతే ఒకటే సూత్రం: తల పెంచు, కాళ్లు తగ్గించు. అలాంటివి పదీ పదిహేను పక్కపక్కన పెడితే మొదటి రెండు ముద్దొస్తాయి, మిగతావి విసుగు పుట్టిస్తాయి. లంగరు షార్కు మీద మాత్రం నాకూ కాస్త మోజుంది, దాచను.

నమూనా వల్ల తేలిన పాత చిక్కుముడి ఒకటి చెప్పాలి. రెమొరెయిడ్ అనే చేప పెరిగి ఆక్టిలరీ అనే ఆక్టోపస్ అవుతుంది. చేప ఆక్టోపస్ కావడమేమిటని ఆడేవాళ్లు ఏళ్లపాటు తలలు పట్టుకున్నారు. నమూనాలో రెమొరెయిడ్ అచ్చం తుపాకీ. పిడి, గొట్టంతో సహా రివాల్వర్ ఆకారం. ఆక్టిలరీ యుద్ధ ట్యాంకు పోలికతో ఉంది. తుపాకీ పెరిగి ఫిరంగి అయిందన్నమాట, లెక్క సరిపోయింది. విడుదలయ్యే నాటికి ఆయుధాల గుర్తులు అరగదీస్తే చేపా, ఆక్టోపసూ మిగిలాయి. పిల్లల జేబులో తుపాకీ వద్దనుకోవడం సరైన పనే. కాకపోతే బొమ్మను మార్చినవాళ్లు దాని వెనకున్న తర్కాన్నీ తమతోపాటు పట్టుకుపోయారు.

ఇలాంటి చిత్తుప్రతులు మన చేతికి వచ్చే దారి మాత్రం శుభ్రమైనది కాదు. 2024 అక్టోబరులో గేమ్ ఫ్రీక్ తన సర్వర్లలోకి ఆ ఆగస్టులో చొరబాటు జరిగిందని ఒప్పుకుంది. ఉద్యోగులు, మాజీ ఉద్యోగులు తదితరులకు సంబంధించిన 2,606 వ్యక్తిగత వివరాలు బయటికి పోయాయని ప్రకటించింది. పాత బొమ్మల కట్టలూ అదే సమయంలో ఇంటర్నెట్‌లో తిరిగాయి. మ్యూజియంలో అద్దం వెనక పెట్టాల్సిన కాగితాలివి. దొంగసొత్తుగా చేతులు మారుతుంటే ఆనందంగా చూడటం కష్టం. కంపెనీ తనంతట తాను చిత్తుప్రతుల పుస్తకం వేస్తే కొనడానికి నాలాంటివాళ్లు వరసలో నిలబడతారు. 2018లో జపాన్‌లో వచ్చిన తజిరి జీవితకథ బొమ్మల పుస్తకంలో పాతవి కొన్ని అచ్చయ్యాయి. ఆ దారిలో ఇంకాస్త ముందుకు వెళ్లొచ్చు.

రాలిపోయిన ఆలోచనల్లో చావనివీ ఉన్నాయి. 1997 నమూనాలో ఈవీ అనే పోకెమాన్‌కు ఆకుల రూపం ఉంది. 2006లో డైమండ్, పెర్ల్ ఆటల్లో అది లీఫియాన్‌గా వచ్చింది. టాంజెలా, లికిటంగ్‌లకు పెద్ద రూపాలు అప్పుడే గీశారు, అవీ 2006లోనే కొత్త బొమ్మలతో దిగాయి. ఉల్లికాడ పట్టుకు తిరిగే బాతు ఫార్‌ఫెచ్‌డ్ 2019దాకా ఆగి సర్‌ఫెచ్‌డ్ అనే యోధుడైంది. నమూనాలో జిరాఫీలాంటి జిరఫరిగ్‌కు రెండు చివరలా ఒకే రకం తల. ఎటు నుంచి చూసినా ఒకటే. 1999లో వెనక తల తోకగా కుంచించుకుపోయింది. 2022 నాటి స్కార్లెట్, వయొలెట్‌లలో వచ్చిన ఫరిజిరఫ్‌లో ఆ తోక తల ముందుకొచ్చి అసలు తలకు ముసుగులా కూర్చుంది. వచ్చిన పోకెమాన్ల లెక్క అప్పటికి వెయ్యి దాటింది. నిప్పు ఎలుగు పిల్ల వంతు ఇంకా రాలేదు.