చవక కూరల్లోనూ సత్తువ!

ఆదివారం సూపర్‌మార్కెట్‌కు వెళ్లి కిలో వంకాయలు, అరకిలో బెండకాయలు, కిలో టమాటాలు, రెండు కట్టల ఆకుకూర తెచ్చి వారానికి సరిపోతాయనుకుంటున్నారా? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం ఒక్కొక్కరికి రోజుకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు కావాలి. నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి వారానికి 11 కిలోలు దాటుతుంది. కానీ ధర పెరిగితే మనం ముందుగా తగ్గించేది కూరే, అన్నం కాదు. కాస్త చూసి కొంటే ఆ అవసరం రాదు.

సగం పారేస్తే చవకేంటి?

కిలో రూ.20కి కొని సగం పారేస్తే, తిన్నది కిలో రూ.40 పడినట్టే. అందుకే ఆకుకూరలు రెండు రోజులకు సరిపడానే తెచ్చుకోండి. సొరకాయ, గుమ్మడికాయ కోయకుండా ఉంచితే ఎక్కువ రోజులు నిలుస్తాయి.

రేటు తగ్గించిన బుట్టలో...

మెత్తబడిన టమాటాలు ఆరోజే చారుకో, పచ్చడికో పనికొస్తాయి. బూజు పట్టినవి మాత్రం వద్దు. ఆ భాగం కోసేసి మిగతాది వాడటమూ మంచిది కాదు. ఉర్లగడ్డలు పచ్చబడినా, మొలకలొచ్చి ముడతలు పడినా ఎంత చవకైనా వదిలేయండి. వాటిలో పెరిగే సొలనిన్ అనే విషపదార్థం ఉడికించినా పూర్తిగా పోదు.

టమాటా మండిపోతుంటే...

చౌడేపల్లె వాసులకు టమాటా ధరల సంగతి చెప్పక్కర్లేదు. దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటైన మదనపల్లె పక్కనే ఉంది. అక్కడే 2023 జులైలో కిలో రూ.100 దాటింది. అలాంటప్పుడు పప్పులోకి చింతచిగురు, గోంగూర వేసుకోండి. పులుపూ దక్కుతుంది, ఆకుకూరా తిన్నట్టవుతుంది.

మన దగ్గర దొరికేవే మేలు

చలికాలంలో అనపకాయలు విరివిగా వస్తాయి. పితికిపప్పు కూర చేసుకుంటే మాంసకృత్తులు, పీచు రెండూ అందుతాయి. పెరట్లో మునగచెట్టుంటే ఆకుకు రూపాయి ఖర్చులేదు. రాగిసంగటిలోకి మునగాకు పప్పు చేసి, దించాక నిమ్మరసం పిండండి. అందులోని సి విటమిన్ వల్ల ఇనుము ఒంటికి బాగా పడుతుంది. ఏ కూరైనా కడిగాకే కోయండి. కోశాక నీళ్లలో నానబెడితే విటమిన్లు పోతాయి.

కిడ్నీ జబ్బు ఉన్నవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు మాత్రం ఆకుకూరల మోతాదు డాక్టర్‌ను అడిగి నిర్ణయించుకోవాలి.